మెరుపు వెనుక లెక్క

గనిలో తవ్విన వజ్రమా, ల్యాబ్‌లో పెంచిన వజ్రమా, నీటిలో సాగుచేసిన ముత్యమా... పుడమికి ఏది తక్కువ భారం? ప్రతి అమ్మకందారూ తనదే పచ్చని సరుకు అంటున్నాడు. క్యారెట్‌కు ఎన్ని కిలోల కర్బనమన్న ఒక్క అంకెతో ఈ తగవు తేలదు. జరిగిన నష్టాన్ని తిరిగి పూడ్చగలమా, పూడ్చామనడానికి రుజువుందా అన్నదే అసలు కొలత.

2023 జూన్‌లో అమెరికా పర్యటనకు వెళ్లిన ప్రధాని నరేంద్ర మోదీ అప్పటి అధ్యక్షుడి సతీమణి జిల్ బైడెన్‌కు 7.5 క్యారెట్ల ఆకుపచ్చ వజ్రాన్ని బహూకరించారు. అది ల్యాబ్‌లో పెంచిన వజ్రం. సౌర, పవన విద్యుత్తుతో తయారైందనీ, క్యారెట్‌కు 0.028 గ్రాముల కర్బనం మాత్రమే వెలువడిందనీ అధికారికంగా చెప్పారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2019లో, పెద్ద పెద్ద గని కంపెనీల సంఘమైన డైమండ్ ప్రొడ్యూసర్స్ అసోసియేషన్ ట్రూకాస్ట్ అనే సంస్థ చేత ఒక అధ్యయనం చేయించింది. సానపట్టిన క్యారెట్‌కు గని వజ్రం 160 కిలోల కర్బన ఉద్గారాలకు కారణమైతే, ల్యాబ్ వజ్రం 511 కిలోలకు కారణమవుతుందని ఆ నివేదిక తేల్చింది. ల్యాబ్ వజ్రం అనే ఒకే వస్తువుకు ఒకరు గ్రాములో ముప్పై ఐదో వంతు అన్నారు, మరొకరు అర టన్ను అన్నారు. రెండు అంకెల మధ్య తేడా కోటీ ఎనభై లక్షల రెట్లు. కొలతలో పొరపాట్ల వల్ల ఇంత తేడా రాదు. ఎవరి లెక్క వారి సరుకును అమ్మిపెట్టడానికి తయారైనప్పుడే వస్తుంది.

ఈ గందరగోళం చూసి ‘అన్నీ ఒకటే, ఏది కొంటే ఏముంది’ అని చేతులు దులుపుకోవడం తేలిక. కానీ అన్నీ ఒకటి కావు. గని, ల్యాబ్, నీటి సాగు మూడూ మూడు వేర్వేరు రకాల నష్టం చేస్తాయి. ఒకటి నేలను తొలిచేస్తుంది, ఒకటి కరెంటును తాగుతుంది, ఒకటి నీటి మీద ఆధారపడుతుంది. వాటన్నిటినీ కిలోల కర్బనంలోకి మార్చి ఒకే తక్కెడలో వేసినప్పుడే అసలు విషయం చేజారిపోతుంది.

కరెంటు తాగే వజ్రం

ముందుగా ల్యాబ్ సంగతి చూద్దాం. ఆభరణాల వజ్రాల్ని మన దేశంలో ఎక్కువగా సీవీడీ పద్ధతిలో పెంచుతున్నారు, దానికి కేంద్రం సూరత్. గోరంత వెడల్పు, మిల్లీమీటరులో కొద్ది భాగం మందం ఉన్న పల్చటి వజ్రపు పలకను విత్తనంగా తీసుకుంటారు. దాన్ని గాలి తీసేసిన గదిలో ఉంచి, హైడ్రోజన్‌లో కొద్దిగా మీథేన్ కలిపి పంపుతారు. మైక్రోవేవ్‌లు ఆ వాయువును మండే ప్లాస్మాగా మారుస్తాయి. వెయ్యి డిగ్రీల దరిదాపు వేడిలో మీథేన్ విడిపోయి, అందులోని కర్బనం పరమాణువులు ఒక్కొక్కటిగా విత్తనం మీద పేరుకుంటాయి. కొన్నాళ్లకు అంచుల్లో నల్లటి మసి లాంటి కర్బనం కడుతుంది. యంత్రం ఆపి, లేజర్‌తో ఆ అంచులు చెక్కేసి, మళ్లీ లోపల పెడతారు. ఇలా వారాల తరబడి సాగుతుంది. అన్నాళ్లూ ప్లాస్మా వెలుగుతూనే ఉండాలి, యంత్రాన్ని చల్లబరిచే నీళ్లు తిరుగుతూనే ఉండాలి. చైనాలోని హెనాన్ రాష్ట్రంలో ఎక్కువగా వాడే మరో పద్ధతిలో, వాతావరణ పీడనానికి యాభై వేల రెట్లకు పైబడిన ఒత్తిడిలో, కరిగిన లోహంలోంచి వజ్రాన్ని పెంచుతారు. అక్కడా భారీ ప్రెస్‌లను నడిపేది కరెంటే.

ఇప్పుడు ఆ 0.028 గ్రాముల మాటను పరీక్షిద్దాం. సౌర పలకల తయారీని కూడా కలుపుకుంటే సౌర విద్యుత్తుకు యూనిట్‌కు 40 గ్రాముల చుట్టూ ఉద్గారాలుంటాయి. ఆ లెక్కన 0.028 గ్రాములకు వచ్చే కరెంటుతో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు అయిదు నిమిషాలు కూడా వెలగదు. వారాల తరబడి ప్లాస్మా మండాల్సిన చోట ఈ అంకె నిలబడదు. అటు 511 కిలోల అంకె కూడా అంతే తొందరపాటు. మన గ్రిడ్‌లో ముప్పాతిక వంతుకు దగ్గరగా బొగ్గు కరెంటే, యూనిట్‌కు 0.7 కిలోలకు కొంచెం పైన ఉద్గారాలుంటాయి. ఆ గ్రిడ్ మీదే నడిపినా 511 కిలోలు రావాలంటే క్యారెట్‌కు 700 యూనిట్లు కాలాలి. పరిశ్రమ మామూలుగా చెప్పే వాడకం కంటే ఇది చాలా ఎక్కువ.

మధ్యస్థంగా ఒక ఊహ చేద్దాం. సానపట్టిన క్యారెట్‌కు 200 యూనిట్లు పడతాయనుకుంటే, బొగ్గు ఎక్కువున్న మన గ్రిడ్ మీద 140 కిలోలకు పైగా కర్బనం వెలువడుతుంది. అదే యంత్రం, అదే విత్తనం, అదే పనివాడు. కరెంటు మాత్రం పూర్తిగా సౌరమైతే 8 కిలోలు. అంటే ల్యాబ్ వజ్రం మంచిచెడ్డలు దాని తీగ చివర ఏముందన్న దాన్ని బట్టి ఉంటాయి. ‘ల్యాబ్‌లో పుట్టింది కాబట్టి పర్యావరణహితం’ అన్న ప్రకటనకు అర్థం లేదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లో ఎనిమిది కంపెనీలకు హెచ్చరిక లేఖలు రాసినప్పుడు, రుజువు లేకుండా ఇలాంటి మాటలు వాడొద్దని చెప్పింది కూడా అందుకే. మరోపక్క, ఈ నష్టానికి మందు ఉంది. కరెంటు మారిస్తే నష్టం తగ్గుతుంది. రేపు గ్రిడ్ శుభ్రపడితే రేపటి వజ్రం కూడా శుభ్రపడుతుంది.

దీనికి వ్యాపారులు చెప్పే జవాబు ఒకటుంది: ‘మేం పునరుత్పాదక విద్యుత్తు సర్టిఫికెట్లు కొంటున్నాం, మా కరెంటు ఇప్పటికే పచ్చనిది.’ కొంతవరకు నిజమే, ఆ డబ్బు సౌర, పవన కేంద్రాలకు చేరుతుంది. కానీ ప్లాస్మా రాత్రీపగలూ మండుతుంది, సూర్యుడు రాత్రి ఉండడు. మధ్యాహ్నం మిగులు కరెంటు మీద కొన్న కాగితంతో అర్ధరాత్రి కాలిన బొగ్గు చెరిగిపోదు. ఏ గంటలో వాడిన కరెంటు ఆ గంటలో ఎక్కడి నుంచి వచ్చిందో చూపగలిగినప్పుడే ఆ మాట నమ్మదగింది.

పూడని గొయ్యి

గని వజ్రానికి క్యారెట్‌కు 160 కిలోల కర్బనం అనుకుంటే, ఆ అంకె దాని అసలు నష్టాన్ని చూపించదు. దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో 1871 నుంచి 1914 వరకు మనుషులు పలుగూ పారా పట్టి తవ్విన ‘బిగ్ హోల్’ నుంచి సుమారు 2.25 కోట్ల టన్నుల మట్టి, రాయి బయటికొచ్చాయి. దొరికిన వజ్రాలు దాదాపు 2,700 కిలోలు. అంటే ఒక్కో ముడి క్యారెట్‌కు టన్నున్నరకు పైగా నేల. తవ్వకం ఆగి వందేళ్లు దాటినా ఆ గొయ్యి అలాగే ఉంది, అడుగున నీళ్లతో.

నష్టం గొయ్యితో ఆగదు. అదే దేశంలోని జాగర్స్‌ఫొంటీన్‌లో గని మూతపడి యాభై ఏళ్లు గడిచాక, పాత వ్యర్థాల్లో మిగిలిన వజ్రాల కోసం వాటిని మళ్లీ జల్లెడ పడుతున్న చోట 2022 సెప్టెంబరు 11న వ్యర్థాల కట్ట తెగింది. బురద వరదై పట్టణం మీద పడి ఇళ్లు కొట్టుకుపోయాయి. 2021లో అంగోలాలోని కటోకా గని వ్యర్థాలు నదిలోకి లీకై దిగువనున్న కాంగోలో షికాపా నది ఎర్రబారింది. 12 మంది చనిపోయారనీ, వేలమంది జబ్బుపడ్డారనీ కాంగో పర్యావరణ మంత్రి ప్రకటించారు. రంగురాళ్ల కథ ఇంకా దయనీయం. మడగాస్కర్‌లోని బెమైంటీ వద్ద 2016లో నీలాలు బయటపడగానే వేలాది మంది లెమూర్లుండే రక్షిత వర్షారణ్యంలోకి చొరబడి చెట్లు నరికి, వాగుల్ని బురద చేశారు. మయన్మార్‌లోని పకాంట్ జేడ్ గనుల్లో 2020 జులై 2న మట్టిగుట్ట కూలి 170 మందికి పైగా చనిపోయారు.

మన దేశానికి వస్తే, మధ్యప్రదేశ్ ఛత్తర్‌పూర్ జిల్లాలోని బక్స్‌వాహా అడవి కింద 3.42 కోట్ల క్యారెట్ల వజ్రాలున్నాయని అంచనా. వాటిని తవ్వాలంటే 2,15,875 చెట్లు కొట్టాలని ప్రతిపాదన. 2021లో దేశమంతటా నిరసన లేచి, వ్యవహారం కోర్టులకెక్కింది. ఇక్కడ క్యారెట్ లెక్క ఎంత మోసం చేస్తుందో చూడండి. చెట్లను క్యారెట్లతో భాగిస్తే 158 క్యారెట్లకు ఒక చెట్టు! వేలికి పెట్టుకునే ఉంగరానికి చెట్టులో ఒక కొమ్మంతైనా పడదు. కాగితం మీద ఇంత చిన్నదిగా కనిపించే నష్టం, ఆ అడవిలో తునికాకు, ఇప్పపువ్వు ఏరుకుని బతికే ఊళ్లకు మాత్రం మొత్తం అడవే. భాగహారం చేస్తే నష్టం కొన్నవాళ్లందరికీ తలా కాస్త పంచినట్టవుతుంది. నిజానికి అది ఒకేచోట, ఒకే ఊరి మీద, ఒకేసారి పడుతుంది.

తెలుగు నేలకు ఈ చరిత్ర కొత్త కాదు. పల్నాడులో కృష్ణ ఒడ్డునున్న కొల్లూరు గనిలో 60 వేల మంది పనిచేసేవారని పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే రాశాడు. అంత పేరున్న ఆ చోటు నేడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. తొలకరి జల్లులు పడితే ఇప్పటికీ కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాల కోసం నేల మీద చూపులు గుచ్చి తిరుగుతారు. అలా ఏరుకోవడం వల్ల నేలకు పెద్దగా హాని లేదు. దేశంలో యంత్రాలతో నడిచే ఏకైక వజ్రాల గని, పన్నా పులుల అడవి పక్కనున్న మఝ్‌గవాన్, మన హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయమున్న ఎన్‌ఎండీసీది. అందుకే ఈ చర్చ దూరదేశపు చర్చ కాదు.

బోట్స్‌వానా అడిగే ప్రశ్న

గనులకు అనుకూలంగా ఉన్న వాదనల్లో అన్నిటికంటే బలమైనది బతుకుతెరువుది. 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి అత్యంత పేద దేశాల్లో ఒకటైన బోట్స్‌వానాకు మరుసటి ఏడే ఒరాపాలో వజ్రాలు దొరికాయి. ఆ ఆదాయంతో బడులు, ఆస్పత్రులు, రోడ్లు కట్టుకుంది. ఎగుమతుల్లో సింహభాగం నేటికీ వజ్రాలదే. ల్యాబ్ వజ్రాలు చవకై మార్కెట్‌ను ముంచెత్తాక ఆ దేశ ఖజానా కుంగుతోంది. పర్యావరణం పేరుతో సంపన్న దేశాల కొనుగోలుదారులు ఆఫ్రికా నోటికాడి కూడు తీస్తున్నారన్న ఆరోపణను తేలిగ్గా తోసిపుచ్చలేం.

అయితే బోట్స్‌వానా బాగుపడింది రాయి వల్ల మాత్రమే కాదు, ఆ రాయి మీద వచ్చిన డబ్బును తన ప్రజలకు చేర్చిన ప్రభుత్వం వల్ల. అదే రాయి సియెర్రా లియోన్‌లో అంతర్యుద్ధానికి ఆయుధాలు కొనిపెట్టింది. కాబట్టి ఆ వాదన ‘గనులన్నీ మంచివే’ అని రుజువు చెయ్యదు. ఏ గని ఎవరికి ఏం మిగిల్చిందో అడగమంటుంది. ఎవరికి వాటా దక్కుతోంది, మూసేనాడు నేలను బాగుచేయడానికి డబ్బు ముందే పక్కన పెట్టారా అన్నవి చూపగల గనికి మార్కెట్‌లో చోటుండాలి. శ్రీలంకలోని రత్నపురిలో చిన్న చిన్న గుంతల్లో, చెక్క కట్టడాలు దించి రత్నాలు తీసేవారు లైసెన్సు తీసుకుని, ముందుగా డిపాజిట్ కట్టాలి. పని అయ్యాక గుంత పూడ్చాలి. అమలులో లోపాలుండొచ్చు గానీ, పద్ధతి సరైనది. వజ్రానికి ప్రత్యామ్నాయం చేతిలో ఉన్న ఈ రోజుల్లో, ఒక అలంకారం కోసం కొత్తగా అడవిని కొట్టి గొయ్యి తవ్వడాన్ని మాత్రం ఏ వాదనతోనూ సమర్థించలేం. గనులు తగ్గినా సానపట్టే పని పూర్తిగా పోదు. ల్యాబ్ వజ్రాన్నీ సూరత్‌లో ఆ చేతులే సానపడుతున్నాయి. అయితే ధర పడిపోయినకొద్దీ ఆ చేతులకు కూలీ తగ్గుతోంది. ఆ కష్టాన్ని తీర్చాల్సిన బాధ్యత కంపెనీలది, ప్రభుత్వాలది.

నీటితో పెరిగే రత్నం

ముత్యం కథ వేరు. చిప్పను కొద్దిగా తెరిచి, సన్నటి పనిముట్టుతో దాని మెత్తటి శరీరంలో చిన్న కోత పెడతారు. మరో చిప్ప నుంచి తీసిన కణజాలపు ముక్కను, సముద్రపు చిప్పలైతే గుండ్రటి పూసను కూడా, ఆ కోతలో ఉంచి మళ్లీ నీళ్లలోకి దించుతారు. ఏళ్ల తరబడి చిప్ప ఆ ముక్క చుట్టూ పొర మీద పొర వేస్తుంది. ఆ ఏళ్లన్నీ నీళ్లు బాగుండాలి. చిప్ప తాను నీటిని వడగట్టి బతుకుతుంది. ఆస్ట్రేలియాలో 2005లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, ఒక టన్ను ముత్యపు చిప్పలు నీటి నుంచి సుమారు 7.5 కిలోల నత్రజనినీ, అరకిలోకు పైగా భాస్వరాన్నీ, 700 గ్రాముల లోహాల్నీ బయటికి తెచ్చాయి. నేలకో నీటికో తిరిగి మేలు చేయగల రత్నం ఈ మూడింటిలో ఇదొక్కటే.

కానీ ‘ముత్యం కాబట్టి మంచిది’ అనుకుంటే మళ్లీ అదే పొరపాటు. జపాన్‌లో బివా సరస్సు ముత్యాలకు ప్రపంచమంతా పేరుండేది. పొలాల నుంచీ, పట్టణాల నుంచీ వచ్చిన కాలుష్యంతో ఆ సాగు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. చైనాలో మంచినీటి ముత్యాల చెరువుల్లో చిప్పలకు మేత పెరగాలని పేడ, ఎరువులు గుమ్మరించారు. నీళ్లు పాచిపట్టి చెడిపోవడంతో కొన్నిచోట్ల స్థానిక ప్రభుత్వాలు ఈ సాగుపై ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. ఫ్రెంచ్ పాలినేషియాలో నల్లముత్యాలు పండే అహే, మనిహి, టకరోవా మడుగుల్లో సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు తేలాయి. సాగులో వాడే ప్లాస్టిక్ తాళ్లు, వలలు అందుకు ఒక ముఖ్య కారణం. చార్మినార్ పక్క పత్తర్‌గట్టీలో అమ్మే ముత్యాల్లో అత్యధికం చైనా మంచినీటివే. నీటిని నమ్ముకున్న సాగు అదుపు తప్పితే ఏమవుతుందో మనకూ తెలుసు. చేపల చెరువులు కొల్లేరును ఎంతగా ఆక్రమించాయంటే, 2006లో ప్రభుత్వం వాటి గట్లను తెగ్గొట్టించాల్సి వచ్చింది. ముత్యాల సాగు మన జిల్లాల్లో పెరగాలంటే ఆ పాఠం ముందుండాలి.

ఏ కొలతతో కొలవాలి?

మూడు రత్నాల కథల్నీ పక్కపక్కన పెడితే వరస ఒకటి తేలుతుంది. అన్నిటికంటే తక్కువ భారం ఇప్పటికే భూమి పైకి వచ్చేసిన రాయిది. వజ్రం అరగదు, కెంపు పాతబడదు. మన ఇళ్లల్లో పాత నగ చెరిపించి కొత్తది చేయించుకోవడం తరతరాల అలవాటు. అందులో కొత్త గొయ్యీ లేదు, కొత్త కరెంటూ పెద్దగా లేదు, కొత్త బంగారం తవ్వకం కూడా తప్పుతుంది. తర్వాత శుభ్రమైన నీళ్లలో పెరిగిన ముత్యం, శుభ్రమైన కరెంటుతో పెరిగిన ల్యాబ్ రాయి. వాటి నష్టం సరిదిద్దుకోగలిగింది. చివర గని రాయి. అది కూడా ఎక్కడిదో, మూసేనాటి బాధ్యత ఎవరిదో తెలిసినప్పుడే.

‘ప్రపంచంలో ఏటా తవ్వే ముడి వజ్రాలన్నీ కలిపితే రెండు లారీలకు సరిపడే ఇరవై పైచిలుకు టన్నులు. ఇంత చిన్న విషయానికి ఇంత రచ్చ ఎందుకు?’ అని అడిగేవారున్నారు. విద్యుత్కేంద్రాలు, సిమెంటు ఫ్యాక్టరీలతో పోలిస్తే వజ్రాల కర్బనం చిన్నదే, కాదనలేం. కానీ కూడూ గూడూ కాని వస్తువు చేసే నష్టానికి ‘అవసరం’ అన్న సాకు లేదు. పైగా రెండు లారీల సరుకు కోసం కోట్ల టన్నుల రాయి కదులుతోందంటే, తగ్గించుకోవడానికి ఇంతకన్నా తేలికైన చోటు ఇంకెక్కడుంటుంది?

ఇప్పుడున్న ధ్రువపత్రాలు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవు. 2003లో అమల్లోకొచ్చిన కింబర్లీ ప్రక్రియ తిరుగుబాటు దళాలకు డబ్బు చేర్చే వజ్రాలను ఆపడానికి పుట్టింది. నరికిన అడవి, తెగిన కట్ట, కాలిన బొగ్గు దాని పరిధిలో లేవు. రాళ్లను పరీక్షించే ల్యాబ్ ఇచ్చే సర్టిఫికెట్ రాయి రంగు, స్వచ్ఛత, బరువు చెబుతుంది గానీ, కరెంటు ఎక్కడిదో చెప్పదు. మన ప్రభుత్వం తలచుకుంటే ఇవన్నీ చెప్పించడం చేయలేని పని కాదు. 2021 నుంచి దశలవారీగా బంగారు నగలకు హాల్‌మార్కింగ్ తప్పనిసరి చేసి, ప్రతి నగకూ ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య వేయిస్తోంది. ఫ్రిజ్ మీద ఎన్ని యూనిట్లు కాలుతాయో స్టార్ లేబుల్ వేయిస్తోంది. 2023 బడ్జెట్‌లో ల్యాబ్ వజ్రాల విత్తనాలపై కస్టమ్స్ సుంకం ఎత్తేసి, పరిశోధనకు ఐఐటీ మద్రాస్‌కు అయిదేళ్లలో సుమారు రూ. 242 కోట్లు కేటాయించింది. ప్రజల సొమ్ము అందుకున్న పరిశ్రమను ప్రజలు లెక్క అడగడం న్యాయమే. ల్యాబ్ రాయికి ఎన్ని యూనిట్లు పట్టాయో, ఆ కరెంటు ఎక్కడిదో. గని రాయికి గని పేరు, మూసివేత నిధి. ముత్యానికి అది పెరిగిన నీటి చోటు. ఇంతే చాలు, బిల్లు మీద రెండు వరుసలు.

ఆ రోజు వచ్చేదాకా మన చేతిలోనూ ఒక ఆయుధం ఉంది. రుజువు లేకుండా ‘పర్యావరణహితం’, ‘సుస్థిరం’ అని ప్రకటించుకోవడాన్ని అడ్డుకుంటూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు తెచ్చింది. పెళ్లికో, అక్షయ తృతీయకో దుకాణానికి వెళ్లినప్పుడు ‘ఇది పచ్చనిది’ అని ఎవరైనా అంటే, ఏ కరెంటు, ఏ గని, ఏ చెరువు అని అడగండి. కాగితం చూపిస్తే కొనండి. చూపించకుండా అదే మాట ప్రకటనల్లో వాడుతుంటే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి. అడిగే కొనుగోలుదారులు పదిమంది తగిలితే వ్యాపారి తన సరఫరాదారుని అడుగుతాడు, సరఫరాదారు ఫ్యాక్టరీనీ గనినీ అడుగుతాడు. బంగారం స్వచ్ఛతను అడగడం మనం నేర్చుకున్నాం. రాయి వెనుక నేలనూ నీటినీ కరెంటునూ అడగడం కూడా నేర్చుకోగలం.